పద్నాలుగు తరఫున పలికిన తల్లి

ఆవిడ అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడేది కాదు. ఆస్పత్రి మొత్తానికీ ఆవిడ మైకమ్మ.

పెద్దాస్పత్రి వెనకవైపు, నేల కింది అంతస్తులో, పక్కగుడ్డలూ రోగుల బట్టలూ ఉతికే హాలుంది. అక్కడి యంత్రాల్లో మనిషి నిలువునా పట్టేస్తాడు. అవి తిరుగుతున్నంతసేపూ పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ హోరులో పనిచేసి ఆవిడ చెవులు మందగించాయి, గొంతు మాత్రం పదింతలైంది. ఆవిడ గుసగుసలాడితే మూడిళ్ళ అవతలి కుక్క లేచి కూర్చునేది. ఇంట్లో ఏదైనా రహస్యం చెప్పుకోవాల్సి వస్తే ఆవిడ భర్త ముందు లేచి కిటికీలు మూసేవాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. మహా మితభాషి. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే పానా పెట్టి తిప్పాలి" అని ఆవిడ ఆయన పక్కనుండగానే అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. అంబులెన్సులో వెళ్ళి, ప్రమాదాల్లో పడినవాళ్ళకి దారిలోనే చికిత్స చేసే ఉద్యోగం ఆ అమ్మాయిది. బండి నంబరు పద్నాలుగు. వైర్‌లెస్‌లో మేం మనుషుల పేర్లు వాడం, బండి నంబరే పేరు. కంట్రోలు రూములో కూర్చుని బండ్లని పంపించే పని నాది. అందుకే నాకు ఆ అమ్మాయి ముఖం కంటే గొంతు ముందు పరిచయం. "పద్నాలుగు బయల్దేరాం" అనేది. కాసేపటికి "పద్నాలుగు చేరాం" అనేది. వెనకాల సైరన్లు, ఏడుపులు, వాన, ఏమున్నా సరే ఆ గొంతు వణికేది కాదు. నేను "విన్నాను, పద్నాలుగు" అనేదాన్ని. మా ఇద్దరి స్నేహమూ చాలాకాలం ఆ రెండు మూడు మాటల్లోనే గడిచింది.

మా పనిలో ఒక నియమం ఉంది. కంట్రోలు పిలిస్తే పలకాలి. మూడోసారి పిలిచినా పలక్కపోతే ఆ బండికి ఏదో అయిందని అర్థం. చుట్టుపక్కల ఉన్న బండ్లన్నీ అటు పరిగెత్తాలి. ఈ సంగతి ఆ పిల్ల ఇంట్లో చెప్పడమే ఆలస్యం, మైకమ్మకి తెగ నచ్చేసింది. అప్పట్నుంచీ భోజనానికి పిలవాలంటే వంటింట్లోంచి "పద్నాలుగూ!" అని ఒక్క కేక. లోపలి గదిలోంచి "చేరుతున్నా!" అని జవాబు రావాలి. "మూడోసారికీ పలక్కపోతే నీ పళ్ళెం పక్కింటి పిల్లికే" అని బెదిరింపు. "మా అమ్మ వెంట ఉంటే బండికి సైరన్ దండగ" అని ఆ పిల్ల మా వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

కూతురి యూనిఫాం ఆవిడ ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. రక్తం మరకకి వేణ్ణీళ్ళు తగిలితే ఉడికి గుడ్డకి అతుక్కుపోతుందట. చన్నీళ్ళలో నానబెట్టాలి, ఓపిగ్గా రుద్దాలి, మళ్ళీ చన్నీళ్ళే పొయ్యాలి. ఎవరి రక్తమో, బతికారో పోయారో ఆవిడ అడిగేది కాదు. కూతురు చెబితే వినేది. చెప్పకపోతే ఆ రోజు కాస్త ఎక్కువసేపు రుద్దేది.

ఆ ప్రమాదం మంచు పట్టిన ఒక ఉదయాన జరిగింది. సన్నగా వాన కూడా పడుతోంది. ఊరి బయట పెద్ద రోడ్డు మీద ఒక వ్యాను పక్కకి పడిపోయింది. పద్నాలుగుని పంపింది నేనే. "పద్నాలుగు చేరాం" అన్న మాట విన్నదీ నేనే. లోపల ఒక డ్రాయింగు మాస్టారు మెడ విరిగి ఇరుక్కుపోయి ఉన్నాడు. తల ఒక్క అంగుళం అటూ ఇటూ కదిలినా ఇక జన్మలో లేచి నడవలేడు, ఊపిరే ఆగిపోవచ్చు కూడా. ఆ పిల్ల పగిలిన అద్దంలోంచి నడుందాకా లోపలికి దూరి, రెండు చేతుల్తో అతని తలని పట్టుకుంది. కాళ్ళు బయట రోడ్డు మీదే ఉన్నాయి. డ్రైవరు మెడపట్టీ, స్ట్రెచరూ తేవడానికి బండి దగ్గరికి వెళ్ళాడు. అప్పుడే మంచులోంచి ఒక లారీ జారుకుంటూ వచ్చింది.

"అరిచాను" అని డ్రైవరు నాతో తర్వాత చెప్పాడు. అతన్ని మేమంతా అన్న అనే పిలుస్తాం. "గట్టిగా అరిచాను. తను విన్నది. ఇటు తిరిగి చూసింది కూడా. బయటికి లాక్కోడానికి టైముంది. చేతులు మాత్రం తియ్యలేదు. ఇంకా లోపలికి ఒదిగి, అతని తలని గుండెకి ఆనించుకుంది."

తరవాత వెళ్ళినవాళ్ళు చూసేసరికి ఆ చేతులు అలాగే ఉన్నాయి. అతని మెడ కదల్లేదు. మాస్టారు బతికాడు.

ఇక్కడ నేను మూడుసార్లు పిలిచాను. పలకలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచానో నాకు తెలీదు. పక్క కుర్చీలో ఉన్నావిడ నా చెయ్యి పట్టుకుని వైర్‌లెస్ మీట మీంచి తీసేసిందట.

విధుల్లో చనిపోయిన మా వాళ్ళ కోసం ఏటా ఒకసారి గౌరవ వందనం జరుగుతుంది. మా కేంద్రం వెనక మైదానంలో ఒక రాతి గోడ ఉంది. దాని మీద ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చెక్కుతారు. వాళ్ళ యూనిఫాం మడిచి బల్ల మీద పెడతారు. చివర్లో కంట్రోలు నుంచి వాళ్ళ బండి నంబరుని మూడుసార్లు పిలుస్తారు. జవాబు రాదు. ఆ నిశ్శబ్దంలో అందరూ తలలు వంచుకుని నిలబడతారు. అప్పుడు "విధులు ముగిశాయి, విశ్రాంతి తీసుకోండి" అని ప్రకటిస్తారు. ఏళ్ళుగా అంతే.

ఆ ఏడు ఒక్క పేరే. పిలవాల్సింది నన్నే అన్నారు. నావల్ల కాదని మా పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. మా కేంద్రానికి ఆయనే అధికారి. "ఆ అమ్మాయి రోజూ విన్నది నీ గొంతేగా తల్లీ. వేరే వాళ్ళు పిలిస్తే కొత్తగా ఉండదూ?" అన్నారు. కాదనలేకపోయాను.

బల్ల మీద పెట్టడానికి కొత్త యూనిఫాం కుట్టిద్దామనుకున్నారు. కబురు తెలిసి మైకమ్మ స్వయంగా మా కేంద్రానికి వచ్చింది.

"కొత్తదెందుకు బాబూ? మా పిల్లది ఉందిగా" అంది. మెట్ల కింద కాపలావాడికి కూడా వినబడింది.

పెద్దసారు తడబడ్డారు. ప్రమాదం జరిగిన రోజు బట్టలు సంచీలో కట్టి భద్రంగా ఉంచారు కానీ, అవి ఉన్న తీరు చెప్పలేకపోయారు.

"నాకు తెలుసులెండి ఎలా ఉంటాయో. నా పనే అది. ఇటివ్వండి."

"కొన్ని మరకలు అలాగే ఉంచుదామా అమ్మా, గుర్తుగా?" అని ఎవరో మెల్లగా అడిగారు. ఆవిడకి వినబడక మళ్ళీ అడిగించుకుంది. విన్నాక ఆ మనిషికేసి జాలిగా చూసింది.

"మరకలతో దాన్ని డ్యూటీకి ఏనాడూ పంపలేదు నాయనా."

ఉతికే హాల్లో ఆ రోజు తోటివాళ్ళు పెద్ద యంత్రాలన్నీ ఆపేశారని విన్నాను. ఎవరూ ఆపమని చెప్పలేదు. ఆవిడ తొట్టి ముందు కూర్చుని చన్నీళ్ళు పోసుకుంటూ ఉతుకుతుంటే, ఆ హాల్లో అంతమంది ఉండి కూడా నీళ్ళ చప్పుడొక్కటే వినబడిందట. ఆ యూనిఫాం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు నేను దగ్గరగా వెళ్ళి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క లేదు. చిరుగులు కూడా కుట్టేసింది. మడత అంచు కత్తిలా ఉంది.

వందనం జరిగే ఉదయం ఎండ మెత్తగా ఉంది. మైదానం చుట్టూ అంబులెన్సులు వరసగా నిలబెట్టారు. దూరపు కేంద్రాల నుంచి కూడా వచ్చాయి. దీపాలు ఆర్పేశారు, తలుపులు బార్లా తెరిచారు. మధ్యలో మా వాళ్ళు బారులు తీరారు. వాళ్ళంతా పరిగెత్తడం తప్ప ఏమీ తెలియని మనుషులు. మెట్లు రెండేసి ఎక్కుతారు, అన్నం నిలబడి తింటారు, కుర్చీలో కూర్చున్నా మడమ ఊపుతూనే ఉంటారు. అంతమంది ఒక్కసారిగా కదలకుండా నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. ఎవరూ నోటితో ఆజ్ఞ ఇవ్వలేదు. ముందున్నతను చెయ్యి ఎత్తగానే, వందల జోళ్ళు ఒక్కటే చప్పుడు చేశాయి.

గోడ అవతల జనం. ఎవరు రమ్మన్నారో తెలీదు. చేతికర్రల వాళ్ళు, చంకలో పసిపిల్లలున్న తల్లులు, కూరగాయల గంప కింద దించుకుని నిలబడ్డ మనిషి, పని దుస్తుల్లోనే వచ్చేసిన మేస్త్రీలు. ఆ పిల్ల ఎప్పుడో ఎక్కడో ముట్టుకున్న మనుషులని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మైకమ్మా, ఆవిడ భర్తా ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. ఏమేం జరుగుతుందో మా వాళ్ళు ముందే వివరించారు. ఆవిడ అన్నిటికీ తలూపింది. సగం వినబడలేదని తర్వాత తెలిసింది.

నా బల్ల గోడ పక్కన పెట్టారు. మీట నొక్కాను.

"పద్నాలుగు, కంట్రోల్."

నా గొంతు లౌడ్‌స్పీకర్లలోంచే కాదు, తలుపులు తెరిచి ఉన్న ఆ బండ్లన్నిటిలోంచీ ఒకేసారి వచ్చింది. మైదానమంతా పిలిచినట్టుంది. మీట వదిలాను. వైర్‌లెస్ సన్నగా బుసకొట్టింది, అంతే.

"పద్నాలుగు, కంట్రోల్."

గోడ మీద వాలిన పావురం ఒకటి ఎగిరిపోయింది. రెక్కల చప్పుడు వినబడింది.

మూడోసారి మీట నొక్కాను.

"పద్నాలుగు... కంట్రోల్."

గొంతు పగిలింది. అందరూ తలలు వంచారు. నేనూ వంచాను. ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

మైకమ్మ లేచి నిలబడింది.

భర్త ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆవిడ ముఖం చూసి, పట్టు వదిలేశాడు. మూడుసార్లు పిలిచారు, ఎవరూ పలకలేదు, పిలిచే పిల్ల గొంతులో ఏడుపుంది. ఆవిడకి తెలిసిన నియమం ప్రకారం అది జరగకూడని సంగతి. నా బల్లకేసి తిరిగి, ఉతికే హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి పిలిచే గొంతుతో అంది:

"పద్నాలుగు చేరిందమ్మా! క్షేమంగా చేరింది! నువ్వు కంగారు పడకు!"

మైకు లేదు, ఏమీ లేదు. ఆ మాట మైదానం దాటి, బండ్లు దాటి, గోడ అవతలి జనందాకా వెళ్ళింది. నా ముందు చదవాల్సిన ప్రకటన కాగితం ఉంది. అందులో ఇలాంటి దానికి చోటు లేదు. ఏం చెయ్యాలో ఆలోచించే లోపే నా వేలు మీట నొక్కేసింది. ఇన్నేళ్ళ అలవాటు.

"విన్నాను, పద్నాలుగు."

ఆ మాట అన్ని బండ్లలోంచీ పలికింది.

వందనం చెయ్యమని ఎవరూ అనలేదు. మొదట పద్నాలుగు డ్రైవరు అన్న చెయ్యి లేచింది, నుదుటి దగ్గర ఆగింది. అతని పక్కవాడిది లేచింది. ఆ తర్వాత చేనులో గాలి వెళ్ళినట్టు వరస వెంట వరస, చేతులన్నీ లేచాయి. బండ్ల దగ్గరి డ్రైవర్లవి, పెద్దసారుది, గోడ అవతల సెల్యూట్ కొట్టడం రాని వాళ్ళవి కూడా. నేను నా పనిలో చాలా చూశాను. చచ్చాడనుకున్నవాడు ఊపిరి తీసుకోవడం విన్నాను. అంబులెన్సులో పుట్టిన బిడ్డ తొలి ఏడుపు విన్నాను. కానీ ఆ క్షణంలాంటిది మళ్ళీ చూడలేదు.

మైకమ్మ చుట్టూ చూసి గాభరా పడింది. భర్తవైపు వంగి చాలా రహస్యంగా అడిగింది.

"ఏమయ్యా, తప్పు మాట్లాడానా?"

ఆ రహస్యం మైదానమంతా విన్నది. ఆయన లేచి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"లేదు. సరిగ్గా చెప్పావ్" అన్నాడు. ఆయన నోటి వెంట నేను విన్న మొదటి మాట అదే.

అంతా అయ్యాక, మడిచిన మా కేంద్రం జెండా గుడ్డ ఆవిడ చేతుల్లో పెట్టాక, జనం మెల్లగా కదులుతున్నారు. గేటు దగ్గర ఒకాయన ముందుకి రాలేక, వెనక్కి పోలేక నిలబడి ఉన్నాడు. మెడకి పట్టీ ఉంది. మైకమ్మ అది చూసి తిన్నగా నడిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

"అమ్మా, నేను..." అన్నాడు ఆయన.

"తెలుసు మాస్టారూ. మెడ ఎలా ఉంది?"

"నడుస్తున్నానమ్మా. బొమ్మలు కూడా వేస్తున్నాను."

"పట్టీ తియ్యొచ్చా? ఒక్కసారి చూడనీ."

ఆయన తీసి తల వంచాడు. ఆవిడ జెండా గుడ్డ నా చేతికిచ్చి, రెండు అరచేతులూ ఆయన మెడకి ఇరువైపులా, తల వెనకవైపు ఆనించింది. చన్నీళ్ళల్లో నాని బిరుసెక్కిన చేతులవి.

"ఇలాగేనా పట్టుకుంది?"

"ఇంకాస్త పైకి. ఆఁ... అలాగే."

ఆవిడ చేతులు తియ్యలేదు. ఆయన తల ఎత్తలేదు. చుట్టూ వెళ్ళేవాళ్ళంతా ఆగిపోయి, అటు చూడ్డం తప్పేమో అన్నట్టు చూపులు దించుకున్నారు.

"ఏమన్నా మాట్లాడిందా?" అంది కాసేపటికి.

"మాట్లాడుతూనే ఉందమ్మా, నేను కళ్ళు మూసేస్తుంటే మూయనివ్వకుండా. కదలకండి మాస్టారూ, నేనున్నాగా అంది. మీ గురించి కూడా చెప్పింది."

"నా గురించా?"

"మా అమ్మ ఇక్కడుంటే ఒక్క కేకేసేది, సగం ఊరు లేచొచ్చి ఈ వ్యాను ఎత్తేసేది అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే మెడ కదులుతుంది, నవ్వకండి అని నన్నే కోప్పడింది."

మైకమ్మ నవ్వింది. కూతురు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి అని ఆవిడ భర్త తర్వాత చెప్పాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో చెప్పలేను. చేతులు మాత్రం మాస్టారి మెడ మీదే ఉన్నాయి, కదలకుండా.

కొన్నాళ్ళకి పెద్దసారు ఉతికే హాల్లోకి వెళ్ళారు. ఇకనుంచి వందనంలో కంట్రోలు పిలుపుకి ఇంటివాళ్ళు జవాబు చెప్పేలా పద్ధతి మారుద్దామనుకుంటున్నామని, ఆవిడ సరేనంటేనే అని, యంత్రాల హోరులో అరిచి అరిచి చెప్పారట. బయటికొచ్చేసరికి ఆయన గొంతు పోయింది.

"దానికి నన్నడగాలా బాబూ? పిలిస్తే పలకాలి, అంతేగా" అందట ఆవిడ, దుప్పట్లు విదిలిస్తూనే.

మరుసటి ఏడు గోడ మీద ఒక డ్రైవరు పేరు చేరింది. రోగిని తీసుకెళ్తుంటే గుండె పట్టేసింది. బండిని పక్కకి తీసి, బ్రేకు వేసి, వెనకున్న రోగికి ఏమీ కాకుండా చూసి, స్టీరింగు మీద వాలిపోయాడు. ఆయన భార్య బక్కపలచని మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆవిడ పక్క కుర్చీలో మైకమ్మని కూర్చోబెట్టారు.

నేను మూడుసార్లు పిలిచాను. డ్రైవరు భార్య లేచింది కానీ నోరు పెగల్లేదు. బారులు తీరిన వాళ్ళు నిలబడే ఉన్నారు. గోడ అవతలి జనం కూడా. ఎంతసేపయినా ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. ఆవిడ బదులు మైకమ్మ ఒక్క మాట అంటే అయిపోయేది. నేను మైకమ్మకేసే చూస్తున్నాను. మైకమ్మ ఒక చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తన నోరు తనే గట్టిగా మూసుకుంది.

వేచి ఉన్నాం.

చాలాసేపటికి, "చేరారు" అంది ఆవిడ. తనలో తను అనుకున్నంత చిన్నగా. అంత మైదానంలో ఆ చివరి వరసవాళ్ళు కూడా ఆ మాట విన్నామంటారు. నేను నమ్ముతాను.

"విన్నాను" అన్నాను.